ఇంత కష్టపడి స్వతంత్రం తెచ్చుకుని అంత బలహీనమైన ప్రభుత్వం ఎందుకు పెట్టుకున్నారు? (అమెరికా, 1776 – 1791)

డల్లాస్_నాన్న
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ (అమెరికా మొదటి రాజ్యాంగం) మీద పోస్టర్ చేయమన్నారు. నిన్న రాత్రి అన్నం తింటూ అడిగింది: "నాన్నా, రాజుతో అంత పెద్ద యుద్ధం చేసి గెలిచారు కదా, మరి పన్ను వేసే అధికారం కూడా లేని ప్రభుత్వాన్ని ఎందుకు పెట్టుకున్నారు?" ఏదో ఒకటి చెప్పి దాటేద్దామంటే మనసొప్పలేదు. పిల్ల పడుకున్నాక నేనే కూర్చుని చదివాను. ప్రెసిడెంట్ లేడు. మామూలు కోర్టులు లేవు. పన్ను లేదు. సైన్యం కావాలంటే రాష్ట్రాలను అడుక్కోవాలి. ఒక్క అక్షరం మార్చాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. నిజం చెప్పాలంటే ఇది తెలివితక్కువ పనిలాగే కనిపిస్తోంది. అంత చదువుకున్నవాళ్ళు ఇలా ఎలా చేశారు? తెలిసినవాళ్ళు చెప్పండి, శుక్రవారం లోపు పోస్టర్ ఇవ్వాలి.

పలక_బలపం
ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి, కాస్త పెద్దగానే రాస్తాను, ఏమనుకోకండి.

ముందు చిన్న సవరణ. గెలిచాక పెట్టుకున్నది కాదు బాబూ, యుద్ధం మధ్యలో రాసుకున్నది. కాంగ్రెస్, అంటే రాష్ట్రాల ప్రతినిధుల సభ, ఆమోదించింది 1777 నవంబర్ 15న. అన్ని రాష్ట్రాలూ సంతకం పెట్టేసరికి 1781 మార్చి 1. అంటే ఒక పక్క బ్రిటిష్ సైన్యం తరుముతుంటే ఇంకో పక్క ఈ కాగితం నడుస్తోంది. ఆ సమయంలో వాళ్ళ కళ్ళ ముందు "బలమైన ప్రభుత్వం" అంటే ఒక్కటే నమూనా ఉంది. సముద్రం అవతల కూర్చున్న లండన్ పార్లమెంటు.

ఆ పార్లమెంటు 1766లో ఒక చట్టం చేసింది. అన్ని విషయాల్లోనూ, ఎటువంటి మినహాయింపూ లేకుండా, కాలనీలను కట్టడి చేసే చట్టాలు చేసే హక్కు తమకుందని రాసుకుంది. కాలనీల నుంచి ఒక్క సభ్యుడైనా లేని సభ అది. 1768లో బోస్టన్‌కు సైన్యాన్ని పంపింది. 1770 మార్చి 5న ఆ సైనికుల కాల్పుల్లో అయిదుగురు పోయారు. కస్టమ్స్ వాళ్ళ చేతిలో ఎవరింట్లోనైనా, ఎప్పుడైనా సోదా చేసుకోగలిగే వారెంట్లు ఉండేవి. ఇవన్నీ పుస్తకంలో చదువుకున్న సంగతులు కావు వాళ్ళకి, గుమ్మంలోకి వచ్చినవి. దూరంగా ఉండే ప్రభుత్వం, దాని చేతిలో పన్ను, దాని వెనకాల జీతానికి పనిచేసే సైన్యం... ఈ మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో చూసి ఉన్నారు. అందుకే ఆ మూడిటినీ ఒకచోట చేరనివ్వలేదు.

ఇంకో మాట కూడా మీ అమ్మాయికి చెప్పండి. అప్పటికి "నా దేశం" అంటే చాలామందికి అమెరికా కాదు. స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ ఉత్తరాల్లో "నా దేశం" అని రాస్తే తన రాష్ట్రం వర్జీనియా అని అర్థం.

మిరపకాయ_బజ్జీ
పాము కాటు తిన్నవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు. అంతే కదా మాస్టారూ.

డల్లాస్_నాన్న
భయం అర్థమైంది మాస్టారూ. కానీ తాడును చూసి భయపడటం వేరు, బావిలో నీళ్ళు తోడుకోవడానికి కూడా తాడు వద్దనడం వేరు కదా. పన్ను లేకుండా యుద్ధం ఎలా చేద్దామనుకున్నారు?

ఓరుగల్లు_పిల్ల
మొదటి ముసాయిదా ఇంత మెత్తగా లేదండీ. దాన్ని రాసింది పెన్సిల్వేనియా, డెలావేర్ రెండు చోట్లా పేరున్న జాన్ డికిన్సన్. ఆయన కాంగ్రెస్‌కు కాస్త గట్టి అధికారమే ఇచ్చాడు. నార్త్ కరోలినా నుంచి వచ్చిన థామస్ బర్క్ అది చదివి కంగారుపడ్డాడు. రాష్ట్రాలకు మిగిలేదేమిటని పట్టుబట్టి ఒక వాక్యం చేర్పించాడు. అదే రెండో అధికరణం: ప్రతి రాష్ట్రం తన సార్వభౌమత్వాన్నీ, స్వేచ్ఛనూ, స్వాతంత్ర్యాన్నీ తన దగ్గరే ఉంచుకుంటుంది, కాంగ్రెస్‌కు "స్పష్టంగా" అప్పగించినవి తప్ప. ఈ "స్పష్టంగా" అన్న మాటను గుర్తుపెట్టుకోండి, తర్వాత పెద్ద గొడవ అయింది.

మూడో అధికరణంలో ఈ కూటమికి వాళ్ళు పెట్టుకున్న పేరే "గట్టి స్నేహ సమితి" లాంటిది. దేశం అని రాసుకోలేదు. నన్నడిగితే పోస్టర్ మధ్యలో పెద్దక్షరాలతో ఈ మాటే రాయాలి.

కొట్టు_లెక్కలు
డబ్బు సంగతి నేను చెప్తాను. పద్ధతి ఎలా ఉండేదంటే, ఏడాదికి ఇంత కావాలని కాంగ్రెస్ లెక్క వేస్తుంది, రాష్ట్రాలకు పంచుతుంది, "మీ వాటా పంపండి" అని ఉత్తరం రాస్తుంది. పంపితే పంపినట్టు, లేకపోతే లేనట్టు. అడగడానికి మనిషి లేడు, కోర్టు లేదు. యుద్ధాన్ని చాలావరకు కాగితం నోట్లు అచ్చేసి నడిపారు. 1781కి వచ్చేసరికి వాటి విలువ ఎంత పడిపోయిందంటే, పనికిమాలిన దేన్నయినా "కాంటినెంటల్ నోటు చేయదు" అనడం సామెత అయిపోయింది.

అప్పుడు ఒక చిన్న కోరిక కోరారు. విదేశీ సరుకు మీద 5 శాతం దిగుమతి సుంకం కాంగ్రెస్‌కు ఇవ్వండి అని. రోడ్ ఐలండ్ ఒప్పుకోలేదు. అది రేవుల మీద బతికే రాష్ట్రం, ఆ సుంకమే దాని ఆదాయం. పైగా కాంగ్రెస్ నియమించిన వసూలుదారులు మా రేవులో తిరగడమేంటని అడిగారు. అంతకుముందు బ్రిటిష్ కస్టమ్స్ వాళ్ళతో పడ్డ బాధ అది. 1783లో మళ్ళీ అడిగారు, ఈసారి న్యూయార్క్ షరతులు పెట్టింది, మూలపడింది. రెండుసార్లూ ఒక్క రాష్ట్రం సరిపోయింది ఆపడానికి.

మియాపూర్_మూడో_అంతస్తు
ఇది చదువుతుంటే మా అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది, చెప్పకుండా ఉండలేను. బిల్డర్ చేతిలో మూడేళ్ళు మెయింటెనెన్స్ ఉంది. లెక్క చూపించలేదు, అడిగితే నీళ్ళు బంద్ చేశాడు. ఎలాగో వదిలించుకున్నాక అసోసియేషన్ పెట్టుకున్నాం. అందరిలోనూ ఒకటే భయం, ప్రెసిడెంటు మళ్ళీ బిల్డర్ లాగా తయారవుతాడేమో అని. అందుకని ప్రతి ఖర్చుకూ అన్ని ఫ్లాట్లూ సంతకం పెట్టాలని రాసుకున్నాం. ఆ ఏడాది మే నెలలో బోరు మోటారు కాలిపోయింది. ముప్పై ఫ్లాట్లలో ఇరవై తొమ్మిది సంతకాలు రెండు రోజుల్లో వచ్చాయి. ముప్పయ్యో ఆయన ఊళ్ళో లేడు. పదకొండు రోజులు ట్యాంకర్ నీళ్ళు. మా అమ్మ బిందె పట్టుకుని మెట్లు ఎక్కింది. డల్లాస్ గారూ, ఆ రూలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది తెలివితక్కువతనం కాదండీ, అంతకుముందు పడ్డ దెబ్బ.

మిరపకాయ_బజ్జీ
ఆ ముప్పయ్యో ఫ్లాటుకు రోడ్ ఐలండ్ అని బోర్డు పెట్టండి.

డల్లాస్_నాన్న
మా అమ్మాయికి చదివి వినిపించాను. వెంటనే అర్థమైంది దానికి. "బిందె పట్టుకున్న మామ్మ బొమ్మ వేయనా" అంటోంది.

కొట్టు_లెక్కలు
బిందె పట్టుకున్నవాళ్ళు అక్కడా ఉన్నారు. సైనికులు. నెలల తరబడి జీతాల్లేవు. 1783 జూన్ 21న, శనివారం, ఫిలడెల్ఫియాలో నాలుగొందల మంది దాకా సైనికులు తుపాకులతో వచ్చి స్టేట్ హౌస్‌ను చుట్టుముట్టారు. లోపల కాంగ్రెస్ సభ్యులున్నారు. పక్కనున్న సారా కొట్ల నుంచి సైనికులకు మందు అందుతోంది. కిటికీల వైపు తుపాకులు ఎత్తి చూపిస్తున్నారు. సొంత సైన్యం, యుద్ధం గెలిపించిన సైన్యం! కాంగ్రెస్ పెన్సిల్వేనియా ప్రభుత్వాన్ని మిలీషియాను (ఊరివాళ్ళతో నడిచే రాష్ట్ర దళాన్ని) పిలవమని బతిమాలింది. వాళ్ళు పిలవలేదు. మధ్యాహ్నం మూడింటికి సభ్యులు ఆ తుపాకుల మధ్య నుంచే నడిచి బయటపడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కాంగ్రెస్ ఆ ఊరు వదిలి ప్రిన్స్‌టన్ పోయింది. అక్కడి నుంచి అన్నాపొలిస్, ట్రెంటన్, చివరికి న్యూయార్క్. ఒక దేశపు ప్రభుత్వం అద్దె ఇల్లు మారినట్టు ఊళ్ళు మారింది.

పలక_బలపం
ఇందులో ఒక సంగతి చెప్పాలి. మిలీషియాను పిలవని పెన్సిల్వేనియా పాలక మండలికి అప్పుడు అధ్యక్షుడు ఎవరనుకున్నారు? పైన ఓరుగల్లు అమ్మాయి చెప్పిన జాన్ డికిన్సన్. మొదటి ముసాయిదా రాసిన మనిషే. నేను క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా ఒక నిమిషం ఆగేవాణ్ణి. ఆయన్ని తప్పుబట్టడానికి కాదు. సొంత సైనికుల మీదికి ఊరివాళ్ళను తుపాకులతో పంపడం ఆయనకు చేతకాలేదు, పిలిచినా మిలీషియా వస్తుందన్న నమ్మకమూ లేదు.

యుద్ధం అయిపోయాక, 1784 జూన్‌లో, కాంగ్రెస్ సైన్యాన్ని రద్దు చేసింది. ఎంతమందిని ఉంచారో తెలుసా? 80 మందిని. ఫోర్ట్ పిట్‌లో 25 మంది, వెస్ట్ పాయింట్‌లో 55 మంది, సామాన్లకు కాపలా. అంత పెద్ద నేలకు!

నల్లరేగడి
అందరూ దీన్ని స్వేచ్ఛ మీద ప్రేమ అంటున్నారు. నాకు మింగుడుపడటం లేదు. ఎవరి స్వేచ్ఛ? 1790 జనాభా లెక్కల్లో సుమారు 39 లక్షల మంది ఉంటే అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. దక్షిణాది పెద్ద తోటల యజమానులు కేంద్రం అంటే భయపడింది లండన్‌ను గుర్తు చేసుకుని మాత్రమే కాదు. రేపు ఈ కేంద్రం మా బానిసల జోలికి వస్తుందేమో అన్న భయం కూడా ఉంది. 1788 జూన్‌లో, కొత్త రాజ్యాంగం ఒప్పుకోవాలా వద్దా అని తేల్చే వర్జీనియా సభలో, ప్యాట్రిక్ హెన్రీ ఈ మాట దాచుకోకుండా చెప్పాడు, కాంగ్రెస్ తలచుకుంటే మీ బానిసలందరినీ విడిపించగలదు అని. పోస్టర్‌లో ఇది లేకపోతే సగం చరిత్రే.

ఓరుగల్లు_పిల్ల
నల్లరేగడి గారితో ఏకీభవిస్తాను, కానీ పూర్తిగా కాదు. బానిసలు దాదాపు లేని రోడ్ ఐలండ్ పల్లెల్లో, మసాచుసెట్స్ పడమటి కొండల్లో రైతులు కూడా అంతే గట్టిగా భయపడ్డారు. వాళ్ళకు దాచుకోవడానికి తోటలేమీ లేవు. ఒకే భయం కింద రెండు రకాల మనుషులున్నారు. ఒకళ్ళు తమ మీద ఇంకెవరూ పెత్తనం చేయకూడదనుకున్నవాళ్ళు, ఇంకొకళ్ళు తాము చేసే పెత్తనం ఎవరూ ఆపకూడదనుకున్నవాళ్ళు. వర్జీనియా నాయకుడు జార్జ్ మేసన్ లాంటివాడిలో రెండూ ఉన్నాయి. 1787 ఆగస్టులో బానిస వ్యాపారాన్ని రాజ్యాంగం రాసే సభలోనే తిట్టాడు, ఇంట్లో మాత్రం బానిసలున్నారు.

నల్లరేగడి
ఇది ఒప్పుకుంటాను. అమ్మాయి పోస్టర్‌లో ఈ రెండు రకాలూ ఉండాలి.

బోస్టన్_బావ
పడమటి మసాచుసెట్స్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. నేను స్ప్రింగ్‌ఫీల్డ్‌కు అరగంట దూరంలో ఎనిమిదేళ్ళు ఉన్నాను. శనివారాలు పని లేకపోతే కారు తీసుకుని ఆ ఊళ్ళన్నీ తిరిగేవాణ్ణి. షెఫీల్డ్ దగ్గర పొలం గట్టు మీద ఒక రాయి ఉంది. షేస్ తిరుగుబాటు ఆఖరి పోరు ఇక్కడే, 1787 ఫిబ్రవరి 27, అని రెండు ముక్కలు చెక్కి ఉంటుంది. చుట్టూ గడ్డి, దూరంగా కొండలు. ఇంకేమీ లేదు. ఎవరో రాయి మీద చిన్న చిల్లర నాణెం పెట్టి వెళ్ళారు. వాళ్ళు కొట్లాడింది ఆ నాణెం కోసమే అనిపించి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఎందుకంటే రాష్ట్ర ప్రభుత్వం తన యుద్ధపు అప్పు తీర్చడానికి పన్ను వేసింది. ఆ పన్ను వెండి, బంగారు నాణేల్లో కట్టాలంది. కొండల్లో రైతు దగ్గర నాణెం ఎక్కడుంటుంది? వాళ్ళు ఇచ్చిపుచ్చుకునేది ధాన్యం, ఆవులు, పని. యుద్ధంలో ఇచ్చిన జీతం కాగితాలను సైనికులు కడుపు కోసం పావలాకూ అర్ధకూ అమ్ముకున్నారు. కొనుక్కున్నవాళ్ళకు ప్రభుత్వం పూర్తి విలువ కడతానంది. ఆ డబ్బు కోసం అమ్ముకున్న సైనికుడి మీదే పన్ను! కట్టలేకపోతే కోర్టు, జప్తు, వేలం, జైలు.

డానియల్ షేస్ బంకర్ హిల్‌లో పోరాడిన మనిషి, కెప్టెన్ దాకా ఎదిగాడు. ఫ్రెంచ్ సేనాని లఫాయెత్ బహుమతిగా ఇచ్చిన కత్తిని అమ్ముకోవాల్సి వచ్చిందని చెప్పుకుంటారు. 1786 ఆగస్టు 29న రైతులు నార్తాంప్టన్ కోర్టును మూయించారు. కోర్టు నడవకపోతే జప్తు నడవదు, అదీ లెక్క. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి మంచులో వెళ్ళారు. ఫిరంగి పేలింది. నలుగురు పోయారు. మిగతావాళ్ళు చెదిరిపోయారు.

ఆ ఆయుధాగారం కాంగ్రెస్‌ది. కాపాడింది రాష్ట్ర మిలీషియా. తర్వాత తిరుగుబాటును అణిచిన సైన్యానికి ఖర్చు పెట్టింది బోస్టన్ వ్యాపారులు, జేబులోంచి తీసి. కాంగ్రెస్ ఏమీ చేయలేకపోయింది. వర్జీనియాలో ఇంట్లో కూర్చున్న వాషింగ్టన్‌ను ఆ ఇంటి నుంచి కదిలించిన వాటిలో ఈ వార్త ఒకటి.

నల్లరేగడి
బోస్టన్ బావా, బాగా రాశావు. కానీ ఒకటి చూడు. షేస్ మనుషులు తిరగబడింది కేంద్రం మీద కాదు, బోస్టన్‌లోని రాష్ట్ర ప్రభుత్వం మీద. అంటే పెత్తనం దగ్గరగా ఉంటే మంచిదన్న మాట కూడా అబద్ధమే. బోస్టన్ కూడా వాళ్ళకు లండన్ లాగే ఉంది.

మా తాతకు పదెకరాలు ఉండేది. అప్పు ఇచ్చినాయన ఊళ్ళోవాడే, పండక్కి ఇంటికొచ్చి భోంచేసేవాడు. వేలం రోజున కూడా ఊళ్ళోవాళ్ళే పాడుకున్నారు. మా నాన్న ఇప్పటికీ ఆ పొలం పక్క దారిలో వెళ్ళడు. కాబట్టి దగ్గరా దూరమా అన్నది కాదు. కష్టం చెప్పుకుంటే వినే చోటు ఉందా లేదా అన్నదే.

కొట్టు_లెక్కలు
నల్లరేగడి గారి మాట మనసుకు తగిలింది. కానీ అప్పు ఇచ్చినవాళ్ళందరూ రాక్షసులు కారు. మా నాన్నది కిరాణా కొట్టు. ఖాతా పుస్తకంలో సగం ఊరు ఉండేది. పంట పోయిన ఏడాది ఎవరూ కట్టలేదు, సరుకు ఇచ్చిన టోకు వ్యాపారి మాత్రం ఆగలేదు. బోస్టన్ వ్యాపారి పరిస్థితి కూడా అదే. లండన్ వాడు అతని మెడ పట్టుకుంటే అతను పల్లె కొట్టువాడిని పట్టుకున్నాడు, వాడు రైతును పట్టుకున్నాడు. దేశమంతటికీ ఒకే నాణెం, ఒకే వ్యాపార విధానం ఉంటే ఆ గొలుసు అంత బిగుసుకునేది కాదని నా నమ్మకం. నేనైతే ఫెడరలిస్టునే, అంటే బలమైన కేంద్రం కావాలన్నవాళ్ళ పక్షం.

డల్లాస్_నాన్న
మరి ఆ తిరుగుబాటుదారులను ఉరి తీశారా?

బోస్టన్_బావ
మరణశిక్షలు చాలామందికి వేశారు, కానీ దాదాపు అందరికీ క్షమాభిక్ష దొరికింది. షేస్‌కు 1788లో. అంతకన్నా పెద్ద సంగతి, 1787 ఎన్నికల్లో అణిచివేసిన గవర్నర్ బౌడిన్‌ను జనం ఓడించి జాన్ హాంకాక్‌ను గెలిపించారు. తుపాకులతో కానిది ఓటుతో అయింది.

పలక_బలపం
ఆ 1787 వేసవికి వద్దాం. మే 25 నుంచి సెప్టెంబర్ 17 దాకా ఫిలడెల్ఫియాలో సభ. నాలుగేళ్ళ కింద సైనికులు చుట్టుముట్టిన అదే భవనం. వచ్చినవాళ్ళు 55 మంది. రోడ్ ఐలండ్ అసలు రాలేదు. లోపలి మాట బయటికి పోకూడదని తలుపులూ కిటికీలూ మూసుకుని, ఎండాకాలంలో, ఉన్ని కోట్లతో మాట్లాడుకున్నారు. ఆర్టికల్స్‌ను సవరించడానికి పంపితే ఏకంగా కొత్త రాజ్యాంగం రాసేశారు. బయటివాళ్ళకు అనుమానం రాదా మరి!

చివరి వారంలో, సెప్టెంబర్ 12న, జార్జ్ మేసన్ లేచి హక్కుల ప్రకటన ఒకటి చేర్చమన్నాడు. కొన్ని గంటల్లో రాసేయొచ్చన్నాడు. ఒక్క రాష్ట్రం కూడా ఒప్పుకోలేదు. అందరూ అలిసిపోయి ఇంటికి పోవాలని చూస్తున్నారు. అయిదు రోజుల తర్వాత 39 మంది సంతకాలు పెట్టారు. చివరిదాకా ఉండి కూడా పెట్టనివాళ్ళు ముగ్గురు, మేసన్, రాండోల్ఫ్, గెర్రీ. తన అభ్యంతరాల కాగితంలో మేసన్ మొదటి మాటే "హక్కుల ప్రకటన లేదు" అని మొదలుపెట్టాడు.

గ్రూప్స్_గది
గ్రూప్-1 చదువుతున్నా, అందుకే పోల్చి చూస్తున్నా. అమెరికాలో మిగిలిన అధికారాలు రాష్ట్రాలవి. మన రాజ్యాంగంలో 248వ అధికరణం ప్రకారం కేంద్రానివి. రెండూ బ్రిటిష్‌వాళ్ళ నుంచి విడిపోయిన దేశాలే కదా, ఎందుకింత తేడా?

ఓరుగల్లు_పిల్ల
వాళ్ళు రాసుకుంటున్నప్పుడు కళ్ళ ముందున్న భయం లండన్ సైన్యం. మనవాళ్ళు రాసుకుంటున్నప్పుడు కళ్ళ ముందున్నది దేశ విభజన, శరణార్థుల రైళ్ళు, వందల సంస్థానాలు. మా హైదరాబాద్ 1948 సెప్టెంబర్‌లో గానీ కలవలేదు. ఎవరి భయాన్ని బట్టి వాళ్ళ రాజ్యాంగం.

మిరపకాయ_బజ్జీ
చిన్న పిట్టకథ. 1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన బ్రిటిష్ సైన్యానికి అధిపతి కార్న్‌వాలిస్. ఒంట్లో బాగాలేదని లొంగుబాటుకు కింది అధికారిని పంపాడు. అయిదేళ్ళకు మన దగ్గరికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు, టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేశాడు. 1792 సంధిలో మా కడప టిప్పు నుంచి నిజాం చేతికి పోయింది. అక్కడ ఓడినవాడి సంతకం మా ఊరి మీద పడింది!

బోస్టన్_బావ
నాకు ఈ మొత్తం కథలో బాగా ఇష్టమైన రోజు 1788 జనవరి 25. బోస్టన్‌లో మసాచుసెట్స్ సభ, కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అని. సట్టన్ నుంచి ఏమోస్ సింగిల్‌టరీ అనే పెద్దాయన లేచాడు. ఈ లాయర్లు, చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు తియ్యగా మాట్లాడి మనలాంటి బీదవాళ్ళ చేత ఈ మాత్ర మింగిస్తున్నారన్నాడు. రేపు వాళ్ళే కాంగ్రెస్‌కు వెళ్తారు, అధికారమూ డబ్బూ చేతిలో పెట్టుకుని, బైబిల్లో తిమింగలం యోనాను మింగినట్టు మనల్ని మింగేస్తారన్నాడు.

అదే రోజు ఇంకో రైతు లేచాడు, లేన్స్‌బరో నుంచి జొనాథన్ స్మిత్. నేను నాగలి మీద బతికేవాణ్ణి, సభల్లో మాట్లాడటం అలవాటు లేదు, నా తోటి నాగలి పట్టేవాళ్ళతో రెండు మాటలు చెప్తానన్నాడు. షేస్ గొడవలప్పుడు మా పడమటి ఊళ్ళలో ఏం జరిగిందో చూశాను, తుపాకీ గుండెకు ఆనించి బెదిరించిన రోజులు చూశాను, ఈ రాజ్యాంగం చూడగానే ఆ రోగానికి మందు ఇదే అనిపించిందన్నాడు. లాయర్లకూ డబ్బున్నవాళ్ళకూ నచ్చిందని నాకు నచ్చకూడదా అని కూడా అడిగాడు.

ఇద్దరూ రైతులే. రెండు వారాల్లోపే, ఫిబ్రవరి 6న ఓటు. 187 అవును, 168 కాదు. ఎంత దగ్గరగా పోయిందో చూడండి.

నల్లరేగడి
సింగిల్‌టరీ పెద్దాయనకు నా ఓటు. ఇప్పుడైనా సరే.

కొట్టు_లెక్కలు
స్మిత్ గారికి నాది.

డల్లాస్_నాన్న
అంత దగ్గరగా వెళ్తే ఎలా గట్టెక్కింది?

పలక_బలపం
మాట ఇచ్చి గట్టెక్కారు. "ముందు ఒప్పుకోండి, హక్కుల సవరణలు తర్వాత చేరుస్తాం" అన్న మాట మీద మసాచుసెట్స్ ఒప్పుకుంది. వర్జీనియా 89 – 79, న్యూయార్క్ 30 – 27. రిచ్‌మండ్‌లో జరిగిన ఆ వర్జీనియా సభలో హెన్రీ రోజుల తరబడి మాట్లాడాడు. "మేము, ప్రజలము" అని మొదలుపెట్టే హక్కు మీకెవరిచ్చారు, "మేము, రాష్ట్రాలము" అనాలి కదా అన్నాడు. రోడ్ ఐలండ్ 1788లో ఏకంగా జనం ఓటుకు పెడితే రెండున్నర వేలకు పైగా వద్దన్నారు, అవునన్నవాళ్ళు మూడొందలు కూడా లేరు. చివరికి 1790 మే 29న, 34 – 32తో, అప్పటికే వాషింగ్టన్ ప్రెసిడెంటై ఏడాది దాటాక చేరింది.

ఇచ్చిన మాటను వర్జీనియా నాయకుడు జేమ్స్ మాడిసన్ నిలబెట్టాడు. మొదట హక్కుల బిల్లు అవసరం లేదన్న మనిషే, తర్వాత కూర్చుని రాసి, కాంగ్రెస్ వెంటపడి నెగ్గించాడు. 12 సవరణలు పంపితే 1791 డిసెంబర్ 15కి 10 ఖాయమయ్యాయి. అందులో మూడోది శాంతి కాలంలో ఇంటివాడు ఒప్పుకోకుండా సైనికుణ్ణి ఇంట్లో పెట్టకూడదని. నాలుగోది కారణం లేకుండా సోదా చేయకూడదని. నా మొదటి పోస్టులో చెప్పిన బోస్టన్ సైన్యం, వారెంట్లు గుర్తున్నాయా? నేరుగా వాటికి జవాబు ఇవి. మేసన్ ఓడిపోయాడని పుస్తకాలు రాస్తాయి. నా దృష్టిలో ఆయన అడిగింది ఆయనకు దక్కింది.

ఓరుగల్లు_పిల్ల
నేను గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు. పదో సవరణ, కేంద్రానికి అప్పగించనివి రాష్ట్రాలవీ ప్రజలవీ అంటుంది. బర్క్ రాసిన "స్పష్టంగా" అన్న మాటను అందులోనూ పెట్టమని సభలో అడిగారు. మాడిసన్ ఒప్పుకోలేదు. ప్రతి చిన్న పనినీ ముందే రాసిపెట్టడం ఏ ప్రభుత్వానికీ కుదరదన్నాడు. ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల 1819లో సుప్రీంకోర్టు జాతీయ బ్యాంకు పెట్టే అధికారం కాంగ్రెస్‌కు ఉందని చెప్పగలిగింది. తీర్పులో ప్రధాన న్యాయమూర్తి మార్షల్ ఈ తేడాను ఎత్తి చూపించాడు కూడా.

న్యూజెర్సీ_అత్తయ్య
పౌరసత్వం పరీక్షకు నేను బట్టీ పట్టిన వంద ప్రశ్నల్లో ఫెడరలిస్ట్ పేపర్స్ (కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన వ్యాసాలు) రాసినవాళ్ళలో ఒకరి పేరు చెప్పండి అని ఉంది. హామిల్టన్ అని చెప్పి పాసయ్యాను. వద్దన్నవాళ్ళ పేరు ఒక్కటీ నన్ను అడగలేదు, నేనూ చదవలేదు. సింగిల్‌టరీ గారి గురించి ఈ రోజే తెలిసింది. బాబూ డల్లాస్, పోస్టర్ అయ్యాక ఎలా వచ్చిందో చెప్పు.

డల్లాస్_నాన్న
ఆలస్యంగా రాస్తున్నా, క్షమించాలి. పోస్టర్ అయిపోయింది, ఈ ఉదయం తీసుకెళ్ళింది. అసలు ఆర్టికల్స్ ఆరు తోలు కాగితాలను వరసగా కలిపి కుట్టినదని ఎక్కడో చదివిందట. తనూ అలాగే చేస్తానని ఆరు చార్టులు తెచ్చింది. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. దబ్బనం, నల్లదారం తీసుకుని రాత్రి పదింటిదాకా కుట్టి ఇచ్చింది.

మొదటి చార్టు మీద బోస్టన్ సైనికులు. రెండో చార్టు మీద "గట్టి స్నేహ సమితి" అని పెద్దక్షరాలు. మూడోదాని మీద తుపాకుల మధ్య నుంచి నడిచి వెళ్తున్న కాంగ్రెస్, పక్కనే బిందెతో మామ్మ (మియాపూర్ గారూ, మీ అమ్మగారికి చెప్పండి). నాలుగో చార్టు నల్లరేగడి గారిది, ఎవరి స్వేచ్ఛ అని అడుగుతూ. అయిదో చార్టు మీద ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు రైతులు. నువ్వు ఎవరికి ఓటేస్తావని అడిగాను. ఇంకా తేల్చుకోలేదంది. ఆరో చార్టు మీద మేసన్ కాగితం, దాని కింద పది సవరణలు.

మా అమ్మ కుడుతూ కుడుతూ రెండో చార్టుకూ మూడో చార్టుకూ మధ్య కుట్లు కాస్త వదులుగా వేసింది. గట్టిగా లాగితే కాగితం చిరుగుతుందే అంది.